రెనే వోత్యే : నిషిద్ధ చిత్రముల చరిత్రము

చరిత్రరచనకు శాసనములు, నాణెములు, కైఫీయతులు, లేఖలు ముఖ్యసాధనములని పండితు లెఱిఁగినదే. ఇరువదవ శతాబ్దమున వీనికిఁ దోడుగాఁ జలనచిత్రము వచ్చి చేరినది. శాసనమునఁ దఱచుగా దానిఁ జెక్కించిన ప్రభువు మాటయే వినఁబడునట్లు, వలసదేశములలోఁ దీయఁబడిన తొలినాఁటి చిత్రములందుఁ బాలకుల దృష్టియే కానవచ్చుచుండెను. పాలితుల స్థితిని బాలకుల యనుజ్ఞ లేకయే చిత్రించి, యందులకుఁ జెఱసాల కేఁగిన ఫ్రెంచి చిత్రకర్త రెనే వోత్యే. ఈతని తొలికృతి నలువదేండ్లకుఁ బైగా నిషిద్ధమై యుండెను. మఱియొక కృతి రూపుమాసిపోయెను. తన నలువదియైదవ యేటఁ జిత్రపరీక్షాపద్ధతిని మార్పించుటకై యీతఁడు నిరశనవ్రతమును బూనెను. ఈ చరిత్రమును బరిశీలించుట యొక వ్యక్తికథ నెఱుఁగుటకు మాత్రమే కాదు. దృశ్యము ప్రమాణ మగుట యెట్లు, దానిని మఱుఁగుపఱచు నధికార మెవ్వరిది యను ప్రశ్నలను విచారించుటకును నిది తోడ్పడును.

జననము, విద్య

వోత్యే 1928 జనవరి 15వ తేదీని ఫ్రాన్సుదేశపుఁ బడమటికొనయందలి బ్రిటనీ సీమలోఁ గమరే యను రేవుపట్టణమున జన్మించెను. తండ్రి కర్మాగారమునఁ బనివాఁడు. తల్లి పాఠశాలలో నుపాధ్యాయిని. బ్రిటనీవారికి ఫ్రెంచికంటె వేఱైన ప్రాచీనభాష కలదు. ఆ భాషను బాఠశాలలో నుచ్చరించిన బాలుర దండించు నాచారము చిరకాలము సాగినది. కావున నధికారపీఠపు మాటకును, గ్రామజనుల మాటకును గల యంతరము ఆ సీమవారికిఁ గ్రొత్తది కాదు.

1940లో జర్మనీసేనలు ఫ్రాన్సు నాక్రమించెను. పదునైదేండ్ల ప్రాయమున వోత్యే రహస్యప్రతిఘటనోద్యమమునఁ జేరెను. పదునాఱేండ్లకే యుద్ధపతకమును బొందెను. యుద్ధము ముగిసిన పిమ్మట నిఁక నాయుధము పట్టరాదని నిశ్చయించుకొని, దానికి మాఱుగాఁ గెమెరాను జేపట్టితినని యాతఁడు తఱువాతి కాలమునఁ జెప్పుకొనెను. పారిసునగరములోని యున్నత చలనచిత్ర విద్యాలయమునఁ జదివి 1948లో నుత్తీర్ణుఁడయ్యెను. అప్పటికే యాతఁడు కమ్యూనిస్టు పక్షమువాఁడు.

పాఠశాలలకై తలపెట్టిన చిత్రము

ఫ్రాన్సులో 1866లో స్థాపింపఁబడిన విద్యాప్రచారసంఘ మొకటి కలదు. మతనిరపేక్షమైన ప్రజావిద్యను వ్యాపింపఁజేయుట దాని యుద్దేశము. 1949లో నీ సంఘము, పశ్చిమాఫ్రికాలోని ఫ్రెంచి వలసల గ్రామజీవనమును ఫ్రాన్సులోని విద్యార్థులకుఁ జూపుటకై యొక చిత్రమును దీయింపఁదలఁచి, యిరువదియొక్క యేండ్ల వోత్యేను బంపెను. అనఁగా నాతనికి నియమింపఁబడిన కార్య మొక పాఠ్యచిత్రము. భూగోళపాఠమున కుపాంగము వంటిది.

ఈ కార్యమున కడ్డముగా నొక శాసన ముండెను. 1934 మార్చి 11వ తేదీని, నాఁడు వలసలమంత్రియైన పియేర్ లవాల్ పేర వెలువడిన యీ శాసనము ననుసరించి, ఆ వలసలలోఁ జలనచిత్రమును దీయఁగోరువారును, ధ్వనిముద్రణము చేయఁగోరువారును ముందుగా గవర్నరుని యనుజ్ఞను బొందవలెను. చిత్రవిషయమును, తీయువారి వృత్తాంతమును నధికారులు పరిశీలింతురు. ఈ శాసనమునకు నిషేధ మను పేరు లేదు. అనుజ్ఞ యను పేరే కలదు. ఫలము మాత్ర మొక్కటియే. పారిసులోఁ జలనచిత్రవిద్యను బొందిన పోలెఁ వియేరా మొదలైన యాఫ్రికాయువకులకుఁ దమ దేశమునఁ జిత్రము తీయు ననుజ్ఞ లభింపకపోఁగా, వారు 1955లోఁ బారిసులోని యాఫ్రికావారిఁ గూర్చియే ‘సేన్ నదిపై నాఫ్రికా’ యను చిత్రమును దీయవలసి వచ్చెను. స్వదేశమును జిత్రింపరాక పరదేశములోని స్వజనులను జిత్రించిన యీ యుదాహరణమే యా శాసనస్వరూపమును దెలుపఁజాలును.

వోత్యే యీ నియమమును బాటింపలేదు. నేఁటి మాలి, కోత్ దివ్వార్ అను దేశములలోని గ్రామములఁ దిరిగి, యధికారుల పర్యవేక్షణమునుండి తప్పించుకొని చిత్రములు తీసెను. నిర్బంధశ్రమ 1946 ఏప్రిలులో శాసనమూలమున రద్దయ్యెను. ఆ యేఁటనే యక్టోబరులో బమకోనగరమున నాఫ్రికా ప్రజాస్వామిక సమ్మేళన మను రాజకీయసంస్థ యేర్పడెను. 1949-50లలోఁ గోత్ దివ్వార్‌లో నీ సంస్థపైఁ దీవ్రమైన యణచివేఁత సాగినది. వోత్యే యచ్చటి కేఁగిన కాల మిదియే. పలాకా యను గ్రామమున సైనికులు చేసిన నాశముయొక్క చిహ్నముల నాతఁడు చిత్రించెను.

ఫ్రాన్సునకుఁ జేరిన ఫిలుముచుట్టలలోఁ బెక్కింటిని బోలీసులు పట్టుకొనిరి. చేఁజిక్కించుకొనఁగలిగిన కొన్నింటిని మాత్రము కూర్చి వోత్యే ‘ఆఫ్రికా 50’ అను చిత్రమును ముగించెను. దీని నిడివి పదునేడు నిమిషములు. సంగీతము కైతా ఫోదేబా బృందమువారిది. వ్యాఖ్యానమును జదివిన కంఠము వోత్యేదే.

ఆ చిత్రముయొక్క స్వరూపము

ఈ చిత్రముయొక్క నిర్మాణమును గమనింపవలసి యున్నది. ఇది తొలుతఁ బాఠ్యచిత్రమువలెనే యారంభించును. బాలుర యాటలు, నేఁతపని, నదిలోఁ జేఁపలవేఁట మొదలైనవి కానవచ్చును. వ్యాఖ్యాతయు ఫ్రెంచి బాలునితో మాటలాడునట్లు శాంతముగా మాటలాడును. కొంతదూరము పోయినపిమ్మటఁ గంఠము మాఱును. గ్రామములలో బడులు, వైద్యులు లేకపోవుట కేమి కారణ మని ప్రశ్న పుట్టును. వ్యాపారసంఘములకు లేఖకులు కావలసినచోటనే బడి తెఱవఁబడు నని సమాధానము వచ్చును. యంత్రము చేయఁదగిన పనిని మనుష్యులచేఁ జేయించుట కా మనుష్యుల కూలి యంత్రముకంటెఁ జవుక యగుటయే హేతువని వ్యాఖ్యాత చెప్పును. గొప్ప వ్యాపారసంఘములు పేరుపేరునఁ బేర్కొనఁబడును. తుదకుఁ గాలిన గ్రామము, గుండ్లు తగిలిన గోడలు చూపఁబడును. ప్రజల యూరేగింపులతోఁ జిత్రము ముగియును.

ఇచ్చట శాస్త్రజ్ఞులకు సహజముగా నొక యాక్షేపణ తోఁచును. కూలిన గోడ ప్రత్యక్షము. దానిఁ గూల్చినవాఁ డెవ్వఁ డనునది ప్రత్యక్షము కాదు. అది వ్యాఖ్యాత నోటినుండి వెలువడు శబ్దము. ఆ శబ్దము ప్రమాణ మగుటకు వక్త యాప్తుఁడు కావలెను. వోత్యే యొక రాజకీయపక్షమున కనుయాయి. వ్యాపారసంఘములపైనిఁ బాలకులపైని ముందుగనే విరోధము గలవాఁడు. కావున నాతని వాక్య మాప్తవాక్య మెట్లగు నని పూర్వపక్షము.

ఈ పూర్వపక్షము త్రోసిపుచ్చఁదగినది కాదు. ‘ఆఫ్రికా 50’ నిష్పక్షపాతసాక్ష్య మని యెవ్వరును జెప్పఁజాలరు. దానికిఁ బక్షము కలదు, ఆ పక్షమును దాఁచుకొన లేదు. కాని ప్రతిపక్షమువా రవలంబించిన మార్గమును గూడఁ జూడవలెను. వాదమునకుఁ బ్రతివాదము చెప్పుట శాస్త్రమర్యాద. గ్రామము కాల్పఁబడలేదని గాని, వేఱొకరు కాల్చిరని గాని చూపు మఱియొక చిత్రమును బ్రభుత్వము ముందుంచలేదు. చిత్రమును నిషేధించి, చిత్రకర్తను శిక్షించినది. అనుజ్ఞ లేక చిత్రము తీసినందుకు 1934వ సంవత్సరపు శాసనము ననుసరించి వోత్యేకు నొక యేఁడు కారాగారశిక్ష విధింపఁబడెను. ఫ్రాన్సులోని సాఁ-మెక్సాఁ సైనికకారాగారమునందును, నాఁడు ఫ్రెంచివారి యధీనమునఁ గల జర్మనీ భాగములోని కారాగారమునందును గడపి, 1952లో నాతఁడు విడుదలయ్యెను. అతఁడు చెప్పినది యబద్ధ మను విచారణ మిందు ముఖ్యము కాలేదు. అడుగక చెప్పెననుటయే నేర మయ్యెను.

చిత్రము మాత్రము రహస్యముగా యువజనసంఘములందును, గార్మికసంఘములందును బ్రదర్శింపఁబడుచు వచ్చెను. ఆ కాలమున నిట్టి గతి దీని కొక్కదానికే పట్టినది కాదు. అలేఁ రెనే, క్రిస్ మార్కర్ అనువా రాఫ్రికా శిల్పములఁ గూర్చి 1953లో ముగించిన ‘విగ్రహములును మరణించును’ అను చిత్రమును, వలసపాలనను విమర్శించిన కారణమున, పదేండ్లకుఁ బైగాఁ బూర్ణరూపమునఁ బ్రదర్శనమునకు నోఁచుకొనలేదు.

అల్జీరియా యుద్ధము

1954 నవంబరులో నల్జీరియాలో స్వాతంత్ర్యసమర మారంభించెను. వోత్యే ‘అల్జీరియా, ఒక జాతి’ యను చిత్రమును గూర్చెను. 1830నుండి ఫ్రెంచివా రా దేశమును జయించిన తెఱఁగును గ్రంథాలయములలోని ప్రాచీనచిత్రములతోఁ బత్రములతోఁ జూపు కృతి యిది. అల్జీరియా స్వతంత్ర మగు నని యందుఁ జెప్పఁబడినందున రాజ్యభద్రతకు భంగకర మను నభియోగము వచ్చెను. ఆ చిత్రముయొక్క ప్రతులు నేఁడు లభింపవు. ప్రాచీనపత్రములఁ గూర్చి చేసిన చరిత్రగ్రంథమే లుప్తమగుట విచారకరము. తాళపత్రగ్రంథముల నష్టము నెఱిఁగిన పండితులకు దీని బరువు వేఱుగఁ జెప్పవలసినది లేదు.

పిమ్మట వోత్యే ట్యునీసియా మార్గమున నల్జీరియా సమరయోధులలోఁ జేరి, ఓరెస్ పర్వతప్రాంతములందు వారి జీవనమును జిత్రించి, 1958లో ‘జ్వాలలలో నల్జీరియా’ యను చిత్రమును దూర్పు బెర్లినులోఁ గూర్చి ముగించెను. యుద్ధమున గాయపడినపుడు కెమెరా తునక యొకటి యాతని తలలో నాటుకొని, తీయరాక యుండిపోయెను.

ఇంతలో విచిత్రమైన విపత్తు కలిగెను. ఎవ్వరి సమరమును లోకమునకుఁ జూపుటకుఁ బ్రాణమున కొడ్డెనో యా యుద్యమమువారే, నాయకుల యంతఃకలహముల నడుమ నాతని ననుమానించి ట్యునీసియాలో నిర్బంధించిరి. రెండేండ్లకుఁ బైగా నాతఁడు బందీగా నుండెను. కెమెరా చేతఁబట్టినవానిని శంకించుట సామ్రాజ్యముల కొక్కవానికే చెందిన గుణము కాదనియు, సమరము చేయు పక్షమునకును దన రూపమును దానే నిర్ణయించుకొను కోరిక బలముగా నుండు ననియు నీ యుదంతమువలనఁ దేటపడును. వోత్యే విడుదలయైన పిదపను బగఁబూనక యల్జీరియావారితోఁ గలసియే పనిచేసెను.

ఆ కాలముననే ట్యునీసియాలోని శరణార్థిశిబిరములందు వైద్యుఁడును గ్రంథకర్తయు నగు ఫ్రాంట్స్ ఫానోఁ, యుద్ధమును గన్నులారఁ జూచిన యల్జీరియాబాలురచే బొమ్మలు వ్రాయించుచుండెను. ఆ బొమ్మలను, వారి మాటలను జేర్చి యాఁ లె మాసోఁ, ఓల్గా పోలియాకోఫ్ అనువారు 1961లో ‘నాకు నెనిమిదేండ్లు’ అను చిన్నచిత్రమును దీసిరి. దాని సన్నాహమున వోత్యే పాల్గొనెను. ఇందు వ్యాఖ్యాత లేఁడు. చూచినదానిని బొమ్మగా వ్రాసిన బాలుఁడే చెప్పును. ‘ఆఫ్రికా 50’ విషయమునఁ బుట్టిన యాప్తవాక్యసందేహమున కిందు భిన్నమైన సమాధానము కానవచ్చును. ఐనను నీ చిత్రమును ఫ్రాన్సులో నిషిద్ధమే యయ్యెను.

1962లో నల్జీరియా స్వతంత్రమయ్యెను. వోత్యే యా రాజధానిలో దృశ్యశ్రవణకేంద్రమును నెలకొల్పి నడపుచు యువకులకుఁ జిత్రవిద్యను నేర్పెను. 1963లో శిష్యులతోఁ గలసి ‘కదలుచున్న ప్రజలు’ అను చిత్రమును దీసెను. అచ్చటఁ బనిచేసిన అహ్మద్ రషేదీ పిమ్మట నల్జీరియా చిత్రకర్తలలోఁ బ్రసిద్ధుఁడయ్యెను. చిత్రములను గ్రామములకుఁ గొనిపోయి ప్రదర్శించి, పిదపఁ బ్రజలతోఁ జర్చించు పద్ధతిని గూడ నచ్చట నడపిరి.

‘ఓరెస్‌లో నిరువదేండ్లు’

ఫ్రాన్సునకుఁ దిరిగివచ్చిన వోత్యే పారిసులో నిలువక స్వసీమయగు బ్రిటనీలోఁ జిత్రనిర్మాణసంఘమును స్థాపించెను. ఇచ్చటినుండి వెలువడిన కృతులలో మిక్కిలి ప్రసిద్ధమైనది 1972లోని ‘ఓరెస్‌లో నిరువదేండ్ల ప్రాయము’. బలవంతముగా సైన్యమునకుఁ బిలువఁబడి యల్జీరియాకుఁ బంపఁబడిన బ్రిటనీయువకుల కథ యిది. యుద్ధమును మెచ్చని యువకులే క్రమముగా హింస కలవాటుపడుట, వారిలో నొక్కఁడు మాత్రము బందీని జంప నిరాకరించి వానితోఁ గూడ నెడారిలోనికిఁ బాఱిపోవుట యిందలి ముఖ్యఘట్టములు. 1961 ఏప్రిలులో సేనానులు చేసిన తిరుగుబాటువార్త రేడియోమూలమున సైనికులకు వినవచ్చు ఘట్టమును గలదు.

ఇది కల్పితకథవలెఁ గానవచ్చినను దీనికి మూలము సాక్ష్యములు. అల్జీరియాలోఁ బోరి వచ్చినవారిని విచారించి, వందలకొలఁది గంటల వాఙ్మూలములను బోగుచేసి, పెక్కుసాక్షులచే ధ్రువపడిన సంగతులనే ఘట్టములుగాఁ గూర్చితినని వోత్యే చెప్పెను. ‘ఆఫ్రికా 50’లో నొక్క కంఠమే సర్వమును జెప్పఁగా నిందుఁ బెక్కుకంఠము లొకదాని నొకటి బలపఱచుచున్నవి. చిత్రకర్తయొక్క ప్రమాణవిచారము రెండు దశాబ్దములలోఁ బరిపక్వమైన తీరు దీనివలనఁ దెలియును. కాన్ నగరపు చిత్రోత్సవమున నంతర్జాతీయవిమర్శకులు దీనికి బహుమాన మొసఁగిరి.

నిరశనవ్రతము

1961 అక్టోబరు 17వ తేదీని రాత్రి పారిసులో నల్జీరియావారు శాంతముగాఁ జేసిన యూరేగింపును బోలీసులు క్రూరముగా నణఁచిరి. పెక్కురు మృతిఁజెందిరి. జీవశాస్త్రజ్ఞుఁడగు జాక్ పనిజెల్ యీ యుదంతమును గూర్చి ‘పారిసులో నక్టోబరు’ అను చిత్రమును 1962లో ముగించెను. దానికిఁ బ్రదర్శనానుజ్ఞ లభింపలేదు. పదేండ్లు గడచిన పిమ్మట వోత్యే దానిఁ బ్రదర్శించుటకై యనుజ్ఞను గోరెను. మరల నిరాకరణమే వచ్చెను.

1973 జనవరి 1వ తేదీని వోత్యే నిరశనవ్రత మారంభించెను. ఆతని కోరికలు రెండు. పరీక్షకసంఘము కారణము చెప్పక చిత్రమును నిరాకరింపరాదనునది మొదటిది. రాజకీయహేతువులచేఁ జిత్రమును గత్తిరించుటయు, నిరాకరించుటయుఁ గూడదనునది రెండవది. తన చిత్రమునకై కాక, యన్యుఁడు తీసిన చిత్రమునకై యాతఁడు నిరాహారుఁడయ్యె ననుట గమనింపఁదగినది. అలేఁ రెనే, క్లోద్ సోతే, రొబేర్ ఆఁరికో మొదలైన ప్రసిద్ధచిత్రకర్త లాతనిఁ బలపఱచిరి. ముప్పదియొక్క దినముల పిమ్మట వ్రతము ముగిసెను. ‘పారిసులో నక్టోబరు’ చిత్రమున కనుజ్ఞ లభించెను. ఐనను నది చిత్రశాలలలోఁ బ్రకటముగా వెలువడినది 2011లోనే. అనుజ్ఞ లభించుట వేఱు, ప్రజలఁ జేరుట వేఱు.

కడపటి కాలము

వోత్యే పిమ్మటఁ బెక్కుచిత్రములు తీసెను. బ్రిటనీనుండి ట్యునీసియా కేఁగిన యుపాధ్యాయుని కథను ‘తుజాన్ పిచ్చిది’ యను కృతిలో నికోల్ లె గారెక్‌తోఁ గలసి చూపెను. 1978 మార్చి 16వ తేదీని ‘అమోకో కాదిజ్’ అను నూనెయోడ బ్రిటనీతీరమునఁ బగిలి రెండులక్షల టన్నులకుఁ బైగా ముడినూనె సముద్రమునఁ గలియఁగా, ‘నల్లని పోటు, ఎఱ్ఱని కోపము’ అను చిత్రమునఁ దీరవాసుల యావేదనను వినిపించెను. అల్జీరియా యుద్ధమునఁ జిత్రహింసలు పొందినవారి సాక్ష్యములను గూడ నాతఁడు భద్రపఱచెను. 1980 తఱువాతి దశకమున గుర్తు తెలియనివా రాతని ఫిలుములను బెద్దమొత్తమున ధ్వంసము చేసిరి. ప్రభుత్వము పట్టుకొనఁగా, యుద్ధమునఁ బోఁగా, దుండగులు చింపఁగా మిగిలినదే నేఁడు లభించు వోత్యే కృతిసముదాయము.

1996లో ఫ్రెంచి విదేశాంగశాఖవారు ‘ఆఫ్రికా 50’ ప్రతిని వోత్యే కొసఁగిరి. ఏ ప్రభుత్వము దీనికై యాతనిఁ జెఱఁబెట్టెనో యా ప్రభుత్వమే దీనిని నాఁటి వలసల స్థితికి సాక్ష్యముగా నంగీకరించినట్లయ్యెను. 1998లో ‘పౌరుని కెమెరా’ యను పేర నాతని స్మృతిగ్రంథము వెలువడెను. 2015 జనవరి 4వ తేదీని, ఎనుబదియేడవ యేఁడు నిండుటకుఁ గొలఁదిదినములు ముందుగా నాతఁడు బ్రిటనీలోనే మరణించెను.

విమర్శ

వోత్యే కృతులయందు లోపములు లేకపోలేదు. తొలికృతులలో వ్యాఖ్యానము దృశ్యమును మించి పోవుచుండును. విరుద్ధపక్షపు మాటకుఁ జోటు తక్కువ. ఈ లోపము నాతఁ డెఱుఁగకపోలేదు. కలహించు నుభయపక్షముల దృశ్యములను బ్రక్కప్రక్కల నుంచి మాటలాడింపవలె నని యాతఁడు పిమ్మట వాదించుచు వచ్చెను. ఖండనమండనముల నడుమనే తత్త్వము తేలు నని నమ్మిన సంప్రదాయమువారి కీ మాట సులభగ్రాహ్యము. కాని ఖండింపఁబడుటకైనఁ గృతి బ్రతికి యుండవలెను. పూర్వపక్షగ్రంథమును దగులఁబెట్టి నెగ్గిన సిద్ధాంతము సిద్ధాంతము కాదు.

విద్యార్థులకై తలపెట్టఁబడిన ‘ఆఫ్రికా 50’ ఆ విద్యార్థులు బడిలో నున్నంతకాలము బడికిఁ జేరలేదు. నిషేధము తొలఁగునప్పటికి వారు వృద్ధులైరి. ఆ పాఠము వారి మనుమల తరమునకుఁ జేరెను. నడుమ గడచిన నలువదేండ్లలో వలసలు స్వతంత్రము లయ్యెను, అల్జీరియాయుద్ధము జరిగెను, అసంఖ్యాకులు మరణించిరి. ఆలస్యముగాఁ జేరిన పాఠమునకు మూల్య మెంతయో లెక్కించుట చరిత్రకారుల పని. ఆ యాలస్యము మరల గలుగకుండఁ జూచుట పాఠము చెప్పువారి పని.